ఫోన్ చెప్పిన మాఫియా

వేలూరులో చదువుకుంటున్న తెలుగువాళ్లం కొందరం శనివారం రాత్రి గుడియాత్తంలో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద చేరి మాఫియా ఆడాం. 1980ల్లో మాస్కోలో దిమిత్రీ దవిదోవ్ అనే విద్యార్థి కనిపెట్టిన ఆట. అప్పట్లో ఆట నడిపేవాడు ఆడకుండా కూర్చోవాల్సిందే. ఇప్పుడా చాకిరీ ఫోన్‌ది. చేతులు మారుతూ ఎవరి పాత్ర వాళ్లకే చూపిస్తుంది. మన రాముడు-సీత చీటీల్లో రాముడొక్కడే సీతను కనిపెట్టాలి. ఇక్కడ తమలో దాక్కున్న మాఫియా ఎవరో తేల్చాలని ఊరంతా అరిచి, ఓటేసి, పాపం ఏ అమాయకుణ్ణో సాగనంపుతుంది!

గుడియాత్తం వాళ్లతో ఇంకో తంటా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం కదా. తెలుగులో నిలదీస్తే తమిళంలో బుకాయిస్తారు, తమిళంలో అడిగితే "నాకేం తెల్దురా" అని తెలుగులోకి దూకేస్తారు. రెండూ పట్టేసేవాడు చిత్తూరు నుంచి వచ్చినవాడొక్కడే. అందుకే ఆటలో మాఫియా వాణ్ణి మొదటి రాత్రే లేపేసింది.