తొక్కుడు బండి మీద నార్త్ఈస్ట్

మినియాపొలిస్‌లో మిసిసిపీ నదికి రెండు గట్లు, రెండు ఊళ్ళు. పడమటి గట్టున అద్దాల మేడలు, బ్యాంకులు, స్టేడియం. వంతెన దాటి తూర్పుకొస్తే రెండంతస్తుల చెక్క ఇళ్ళు, రోడ్డుకడ్డంగా రైలు పట్టాలు, ఎర్ర ఇటుక ఫ్యాక్టరీలు, నాలుగు వీధులకొక చర్చి. ఈ వైపును నార్త్ఈస్ట్ అంటారు. ఒకప్పుడిది సెయింట్ ఆంథొనీ అనే వేరే పట్నం. 1872లో మినియాపొలిస్‌లో కలిపేశారు. కాగితం మీదైతే కలిసింది గానీ, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు మీదే ఊరంటే ఇప్పటికీ మినియాపొలిస్ అనరు, నార్త్ఈస్ట్ అనే అంటారు.

ఎండాకాలం శనివారం సాయంత్రం ఈ వీధుల్లో ఒక వింత బండి కనిపిస్తుంది. మధ్యలో పొడుగాటి చెక్క బల్ల, పైన కప్పు, బల్లకు అటూ ఇటూ సైకిలు సీట్లు, వాటి కింద పెడల్స్. ఒక్కో బండి మీద పదిహేను, పదహారు మంది. అందరూ బల్ల వైపే తిరిగి కూర్చుంటారు కాబట్టి మన ముఖం ఎదుటివాడి వైపు, బండి పోయేదేమో మన భుజం వైపు. మొదటి అయిదు నిమిషాలు కాళ్ళకు, కళ్ళకు లంకె కుదరదు. పెడల్స్ తిప్పిన బలమంతా గొలుసుల మీదుగా వెనక ఇరుసుకు చేరుతుంది. స్టీరింగు, బ్రేకు మాత్రం ముందు కూర్చున్న డ్రైవరు చేతిలో ఉంటాయి. అతను కంపెనీ మనిషి, చుక్క ముట్టడు. ఖాళీ బండే టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది. మనుషులెక్కాక గంటకు అయిదు మైళ్ళు దాటదు. తొక్కడం మానేస్తే కాళ్ళ కింద పెడల్ ఊరికే ఉంటుంది గానీ బండి ఆగదు, పక్కవాళ్ళ కష్టం మీద నడిచిపోతుంది. కాబట్టి ప్రతి బండి మీదా నటించేవాళ్ళు ఉంటారు. మా బండి మీద ఆ పని చేసింది మా బావ. చిన్న ఎత్తు రాగానే కాళ్ళు తిప్పుతున్నట్టే ఉండేవాడు, బండి మాత్రం నత్తనడక. "బావా, తొక్కుతున్నావా, భజనకొచ్చావా?" అని మా చెల్లెలు అడిగేదాకా ఆ సంగతి ఎవరూ పట్టుకోలేదు.

ఈ బండి అమెరికాలో పుట్టలేదు. 1997లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు అన్నదమ్ములు తయారుచేశారు. 2007లో ఇద్దరు మిత్రులు దాన్ని మినియాపొలిస్‌కు తెప్పించి పెడల్ పబ్ అని పేరు పెట్టారు. వెంట తెచ్చుకున్న బీరు బండి మీదే తాగనిస్తారు. అయితే అసలు పని బ్రూవరీల దగ్గర ఆగడం. రెండు గంటల్లో రెండు మూడు చోట్ల ఆగొచ్చు, ఎందుకంటే ఒకదానికొకటి అంత దగ్గరగా ఉన్నాయి.

ఇంత దగ్గరగా ఎందుకున్నాయి? నార్త్ఈస్ట్‌ వాళ్ళకు దాహం ఎక్కువ అని నవ్వేసి ఊరుకోవచ్చు. నన్నడిగితే దాహం కంటే చట్టం పాత్రే ఎక్కువ. 1884లో మినియాపొలిస్ నగరం పటం మీద ఒక గీత గీసి, మద్యం దుకాణాలన్నీ ఆ గీత లోపలే ఉండాలంది. పోలీసులు కాలినడకన గస్తీ తిరిగే మేర అన్నమాట. అందుకే దానికి 'పట్రోల్ హద్దులు' అని పేరు. నది ఒడ్డున ఉన్న వ్యాపార కేంద్రం, కూలీలుండే కొన్ని పేటలు, నార్త్ఈస్ట్‌లో కొంత భాగం లోపల పడ్డాయి. చెరువుల పక్కన మర్యాదస్థులు ఇళ్ళు కట్టుకున్న దక్షిణపు పేటలు చాలావరకు బయట పడ్డాయి. ఈ గీత తొంభై ఏళ్ళు నిలిచింది. 1974లో గానీ పోలేదు. అంటే మూడు తరాలపాటు ఫలానా వీధిలో గ్లాసు పట్టుకోవచ్చు, ఫలానా వీధిలో కూడదు అని పిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ మూలకొక పాత బారు ఉండటానికి, అవతలి పేటల్లో అవి అరుదు కావడానికి మూలం ఇదే.

లోపల పడినవాళ్ళెవరు? పోలండ్, స్లొవేకియా, ఉక్రెయిన్, లెబనాన్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. రంపపు మిల్లుల్లో, పిండి మిల్లుల్లో, రైల్వే యార్డుల్లో పని. చర్చి, ఫ్యాక్టరీ, బారు మూడూ ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేవి, ఎందుకంటే వాళ్ళకు బండ్లు లేవు. తొక్కుడు బండికి ఈ పేట సరిగ్గా సరిపోవడానికి కూడా కారణం అదే: ఇక్కడి దూరాలు కాళ్ళతో కొలిచి కట్టినవి. ఈస్ట్ హెన్నెపిన్ అవెన్యూ మీద క్రమార్చుక్స్ అనే ఉక్రేనియన్ సాసేజీల కొట్టు 1954 నుంచి నడుస్తోంది. తలుపు తియ్యగానే వెల్లుల్లి, పొగబెట్టిన మాంసం వాసన. తొక్కే ముందు అక్కడ తినడం మంచిది. ఎందుకో తర్వాత చెప్తాను.

వీధుల పేర్లు ఇంకో ముచ్చట. వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్, మన్రో అంటూ అమెరికా అధ్యక్షులు వరసగా నిలబడి ఉంటారు. వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఆ వీధులు దాటుతూ దాటుతూ చరిత్ర పరీక్షకు చదివేసుకునేవారని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ వరసలోనే పోక్ స్ట్రీట్ వస్తుంది. తెలుగువాళ్ళు ఈ వీధి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 2006లో శివారులోని మేపుల్ గ్రోవ్‌లో పెద్ద హిందూ దేవాలయం తెరవకముందు, ఈ ప్రాంతపు హిందువుల గుడి ఈ పోక్ స్ట్రీట్ మీదే, ఒక పాత చర్చి భవనంలో ఉండేది. ఇప్పుడు మనవాళ్ళంతా ఈడెన్ ప్రెయిరీ, ప్లిమత్, మేపుల్ గ్రోవ్ వైపు సర్దుకున్నారు. నార్త్ఈస్ట్‌కు రావడమంటే పుట్టినరోజుకో, ఆఫీసు వాళ్ళ సరదాకో ఈ బండెక్కడానికే. తమ పెద్దలు కొబ్బరికాయ కొట్టిన వీధి ఇక్కడే ఉందని చాలామంది కుర్రాళ్ళకు తెలియదు.

బీరు కూడా ఈ గట్టునే మొదలైంది. 1850లో జాన్ ఓర్త్ అనే ఆయన ఇక్కడ బ్రూవరీ పెట్టాడు. 1890లో ఆ బ్రూవరీతో పాటు ఇంకో మూడు కలిసి ఒక కంపెనీ అయ్యాయి. దానికి కట్టిన కోటలాంటి భవనం మార్షల్ స్ట్రీట్ మీద ఇప్పటికీ ఉంది. పైకప్పు చూస్తే ఒక పక్క గోపురం, ఒక పక్క బురుజు, ఒకదానికొకటి పొంతన ఉండదు. నలుగురు యజమానులకు గుర్తుగా నాలుగు తీరుల్లో కట్టారంటారు. గ్రెయిన్ బెల్ట్ అనే బీరు అక్కడే తయారయ్యేది. మద్యనిషేధాన్ని అమలు చేసిన చట్టానికి పేరు పెట్టింది కూడా మినెసోటా మనిషి మీదే, గ్రానైట్ ఫాల్స్ ఊరికి చెందిన కాంగ్రెస్ సభ్యుడు ఆండ్రూ వోల్‌స్టెడ్. ఆ పదమూడేళ్ళ కరువును తట్టుకుని నిలబడ్డ బ్రూవరీ, పెద్ద కంపెనీల పోటీకి తట్టుకోలేక 1975లో మూతపడింది. చాలా ఏళ్ళు పావురాలే కాపురమున్నాయి. 2002లో ఆర్కిటెక్టుల ఆఫీసు వచ్చింది. బీరు బండ్లు నిలిపే షెడ్డు ఇప్పుడు ప్రభుత్వ గ్రంథాలయం. ఇందులో నాకు నచ్చేదేమిటంటే, కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టకపోవడం. విత్తనాల కంపెనీ నార్త్రప్ కింగ్ భవనాల్లో ఇప్పుడు చిత్రకారుల స్టూడియోలు, శవపేటికలు చేసిన ఫ్యాక్టరీలోనూ స్టూడియోలే. 1996 నుంచి ఏటా మే నెలలో ఆర్ట్-ఎ-వర్ల్ అని ఆ తలుపులన్నీ జనానికి తెరుస్తారు. ఆ మూడు రోజులూ తొక్కుడు బండి సంగతి మర్చిపోండి, నడవడానికే దారుండదు.

ఇప్పటి చిన్న బ్రూవరీల కథ 2011లో మొదలవుతుంది. అప్పటిదాకా మినెసోటాలో బీరు కాచి ఊరికి సరఫరా చేసే బ్రూవరీ, తన గుమ్మంలో గ్లాసులో పోసి అమ్మకూడదు. అది బారుకు చేరాలి, బారువాడు మనకివ్వాలి. సర్లీ బ్రూవరీ స్థాపకుడు ఒమర్ అన్సారీ దీని మీద పోరాడాడు. పాకిస్తాన్ నుంచి వలస వచ్చిన తండ్రికి పుట్టినవాడు. ఆ కుటుంబానికి సానరాళ్ళ వ్యాపారం ఉండేది, బ్రూవరీ ఆ షెడ్డులోనే మొదలైంది. ఆయన అభిమానులు శాసనసభ్యులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 2011 మేలో చట్టం మారింది. జనం దాన్ని సర్లీ బిల్లు అనే పిలిచారు. తీసినచోటే తాగడంలో రుచి మనకైతే చెప్పనక్కర్లేదు. తాటిచెట్టు కింద కుండ దించిన పూట తాగిన కల్లుకూ, ఊరు దాటి సీసాలో వచ్చిన కల్లుకూ తేడా ఎరిగినవాళ్ళం. బీరు కల్లంత త్వరగా చెడదు గానీ, అందులో వేసే హాప్స్ పూల వాసన మాత్రం వారాల్లోనే పలచబడుతుంది. కాచినచోటే తాగడంలో ఉన్న లాభం అదే.

చట్టం మారిన ఏడాదికే, 2012లో, ఇండీడ్ బ్రూయింగ్ రైలు పట్టాల పక్కన ఒక పాత ఫ్యాక్టరీలో తెరుచుకుంది. లోపలికి వెళ్తే ఒక పక్క బల్లలు, ఇంకో పక్క మనిషికి రెండింతలున్న స్టీలు ట్యాంకులు. రబ్బరు బూట్లు వేసుకున్న పిల్ల ఒకతె నేల కడుగుతోంది. ఉడికిన బార్లీ వాసన, అంబలి కాచిన వంటింటి వాసనకు దగ్గరగా, కొంచెం తియ్యగా. అయిదారు రకాలు రుచి చూడాలంటే చిన్న గ్లాసులు చెక్క పలక మీద పేర్చి ఇస్తారు. బంగారు రంగు దాంట్లో నారింజ తొక్క చేదు, నల్లదాంట్లో మాడిన రొట్టె, కాఫీ. ఇలా బ్రూవరీ తన బీరు తానే పోసే గదిని టాప్‌రూమ్ అంటారు. ఆ లైసెన్సు ఉన్నచోట సొంత బీరు తప్ప వేరేవాళ్ళ మద్యం అమ్మకూడదు. చాలా వాటికి వంటిల్లు కూడా లేదు. గుమ్మం ముందు ఫుడ్ ట్రక్కు వస్తే వచ్చినట్టు, లేకపోతే ఖాళీ కడుపే. సాసేజీల కొట్టు సంగతి అందుకే చెప్పాను.

డేంజరస్ మ్యాన్ అనే ఇంకో బ్రూవరీకి చర్చి అడ్డమొచ్చింది. చర్చికి 300 అడుగుల లోపు మద్యం అమ్మరాదని నగర నిబంధన. నార్త్ఈస్ట్‌లో 300 అడుగుల లోపు చర్చి లేని ఖాళీ దొరకడం కష్టమే. చివరకు నిబంధనను సడలించారు, 2013లో అది తెరుచుకుంది. పదేళ్ళు వీధి కిటకిటలాడింది, 2023లో ఆ టాప్‌రూమ్ మూసేశారు. సెంట్రల్ అవెన్యూ మీది ఫెయిర్ స్టేట్ 2014లో సహకార సంఘంగా మొదలైంది, తాగేవాళ్ళే వాటాదారులు. 2020లో అక్కడి పనివాళ్ళు యూనియన్ కూడా పెట్టుకున్నారు. 2024లో ఆ సంస్థ దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. ఉప్పెనలా వచ్చిన కాలం అయిపోయిందని ఇక్కడ అందరికీ తెలుసు. మన ఊళ్ళలో మిల్లులు మూసినప్పుడు మాట్లాడుకున్నట్టే, ఎవరు నిలుస్తారని బల్లల దగ్గర మాట్లాడుకుంటారు.

తొక్కుడు బండిని ఈ పేటవాళ్ళందరూ ప్రేమిస్తారనుకోకండి. వెనక కార్ల వరస, బండి మీద పాటలు, ఎవరి ఇంటి ముందో కేకలు. 2013లో కొందరు నీళ్ళ బెలూన్లతో, నీటి తుపాకులతో ఒక బండి మీద దాడి చేశారు. వాళ్ళ ఖర్మకొద్దీ ఆ రోజు బండి మీదున్నది డ్యూటీలో లేని పోలీసులు. బెలూన్లేసినవాళ్ళు అక్కడికక్కడే దొరికిపోయారు. పుట్టింటిలో దీని పరిస్థితి ఇంకా అధ్వానం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆరు వేలమంది అర్జీ పెడితే, 2017 నవంబరు 1 నుంచి నగరం నడిబొడ్డున ఈ బండ్లను నిషేధించారు. ఇళ్ళ మధ్య కేకలు నాకూ చిరాకే. కానీ కారులో ముప్పై మైళ్ళ వేగంతో పోయేవాడికి పోక్ స్ట్రీట్ ఒక పలక మాత్రమే. ఈ బండి మీద అది దాటడానికి పట్టే సేపట్లో రెండు చర్చిల పేర్లు చదవొచ్చు.

ఆదివారాల ముచ్చట కూడా చట్టానిదే. మినెసోటాలో ఆదివారం మద్యం దుకాణాలు తెరవకూడదన్న నిషేధం 2017 దాకా ఉంది. మార్చిలో దాన్ని ఎత్తేస్తూ గవర్నరు సంతకం పెట్టాడు, అమలు మాత్రం జులై 2 నుంచి. ఈస్ట్ హెన్నెపిన్ మీద 1934 నుంచి ఉన్న సర్డిక్స్ దుకాణం అన్నాళ్ళు ఆగలేకపోయింది, సంతకమైన వారంలోనే ఆదివారం తలుపులు తెరిచింది. అధికారులు మూసెయ్యమన్నా మూయలేదు. జరిమానా పడింది గానీ, ఆ రోజు కొన్న సీసాను దాచుకున్నవాళ్ళు ఇప్పటికీ ఈ పేటలో ఉన్నారంటే నేను నమ్ముతాను.

రావాలనుకుంటే మే నుంచి సెప్టెంబరు మధ్య రండి. జూన్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది. జనవరిలో ఇక్కడ మంచు మీద కారు నడపడమే గండం, ఇక తొక్కుడు బండి ఎక్కడ? వయసు ఇరవై ఒకటి నిండినట్టు గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. తెల్లజుట్టున్న మామయ్యనైనా అడుగుతారు.

ఇప్పుడు టాప్‌రూమ్‌లలో బీరు వద్దనేవాళ్ళకు ఇంకో డబ్బా దొరుకుతోంది. 2022 జులైలో మినెసోటా, గంజాయి జాతికి చెందిన హెంప్ నుంచి తీసిన మత్తుపదార్థాన్ని ఒక మోతాదుకు 5 మిల్లీగ్రాముల దాకా పానీయాల్లో కలిపి అమ్ముకోవచ్చంది. బీరు అమ్మకాలు తగ్గుతున్న రోజుల్లో ఇండీడ్, ఫెయిర్ స్టేట్ లాంటివి వెంటనే ఆ సోడాలు పట్టాయి. కొన్నిచోట్ల అద్దెలు కట్టింది అవే. 2025 నవంబరులో వాషింగ్టన్‌లో ఇంకో చట్టం వచ్చింది. ఏడాది తర్వాత నుంచి డబ్బా మొత్తానికి 0.4 మిల్లీగ్రాములు మించకూడదట. దాంతో నార్త్ఈస్ట్ బ్రూవర్లు ఒక చేత్తో ట్యాంకులు కడుగుతూ, ఇంకో చేత్తో వకీళ్ళకు ఫోన్లు చేసుకుంటున్నారు.