16 అంగుళాల కుర్చీ



మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసే దుఆ ఒకటుంది. ఆస్తి అడగరు, లంబీ ఉమ్ర్ అడగరు. "యా అల్లాహ్, ఎవరికీ మొహతాజ్ చేయకు" అంటారు. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు పైసలే గుర్తొచ్చేవి. ఒకరి ముందు చేయి చాపే గతి పట్టకూడదని అడుగుతున్నారనుకునేవాణ్ని. మొహతాజీ మోకాళ్ల నుంచి కూడా వస్తుందని మా అమ్మీని చూశాక తెలిసింది.

అమ్మీకి 72 ఏళ్లు. ముందు సజ్దా కష్టమైంది. తర్వాత ఖాయిదాలో కూర్చుని లేవడం కష్టమైంది. ఆ తర్వాత జానెమాజ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వచ్చి చేరింది. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకు ఒరిగి పడుకుని నమాజ్ చేయమని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్‌కు మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన మాట బుఖారీలో ఉంది. అంటే దీన్‌లో ఆసానీ ఉంది. మా ఇంట్లో ఆసానీ లేనిదల్లా ఆ కుర్చీలోనే.

ఒకరోజు టేపు పెట్టి కొలిచాను. సీటు ముందు అంచు 17 అంగుళాల ఎత్తులో ఉంది, వెనకవైపు పల్లంగా దిగిపోయింది. అమ్మీ పొట్టి మనిషి. కూర్చుంటే మడమలు నేలకు ఆనవు, ఒళ్లు వెనక్కి జారుతుంది. రుకూకి ముందుకు వంగి, సజ్దాకి ఇంకాస్త వంగితే తేలికపాటి కుర్చీ వెనక కాళ్లు కదులుతాయి. లేవాలంటే చేతులు ఊనాలి. ఊనితే ఆ చేతులు పక్కలకు వంగుతాయి. అందుకని ప్రతి నమాజ్ తర్వాత "బేటీ, జర ఆ" అని కోడల్ని పిలిచేది.

పగలు ఫర్వాలేదు. తహజ్జుద్ వేళ ఎవర్ని లేపుతుంది? మెల్లగా ఆ నమాజ్ మానేసింది. మాకెవరికీ చెప్పలేదు. రాత్రి మూడింటికి వజూ నీళ్ల చప్పుడు వినబడటం లేదని మా బేగం గమనించి చెప్పింది. ఒక కుర్చీ సరిగా లేనందుకు మా అమ్మీ ఏళ్ల తరబడి చేస్తూ వచ్చిన ఇబాదత్ ఒకటి ఆగిపోయింది. నన్ను కదిలించింది అదే.

నాకు లక్డీ పని షౌఖ్ ఉందని పాత పాఠకులకు తెలుసు. పేపర్ ఆఫీసులో రోజంతా రాసినది మర్నాడు పాతబడిపోతుంది. ఆదివారం చేసిన పీట మాత్రం వంటింట్లో ఉండిపోతుంది. అలా చెప్పుల స్టాండు, పిల్లల పుస్తకాలకు అర, దస్తర్‌ఖాన్ కింద వేసుకునే పొట్టి చౌకీ, ఒక రెహల్ చేశాను. నగిషీలేం ఉండవు. నాలుగు కాళ్లు నేలకు ఆని, కూర్చుంటే కిర్రుమనకపోతే చాలు. "సహాఫీ సాబ్ బఢయీ అయిపోయారే" అని షాదీల్లో చుట్టాలు ఏడిపిస్తారు. జకరియ్యా అలైహిస్సలాం నజ్జార్ అని సహీ ముస్లిం‌లో ఉంది కదా అంటే నవ్వి ఊరుకుంటారు. మస్జిదె నబవీ మింబర్ కూడా ఒక వడ్రంగి చేతి పనే. మూడు మెట్లది, గాబా అడవి ఝావూ చెట్టు కర్రతో చేసినది.

బడిలో ఉర్దూ, డిగ్రీలో తెలుగు చదివినవాడికి ఈ పనిలో ఇంకో మజా ఉంది. ఆరీ అన్నా రంపమే, రందా అన్నా చిత్రికే, రేగ్‌మాల్ అన్నా ఉప్పు కాగితమే. మన ఆయతుల్ కుర్సీలోని కుర్సీయే తెలుగింట్లో కుర్చీ అయి కూర్చుంది. అన్నిటికంటే నచ్చేది కీలు అనే తెలుగు మాట. తలుపుకూ కీలే, మోకాలికీ కీలే. ఉర్దూలో కర్ర అతుకులో దిగే కొసను చూల్ అంటారు. బాగా అలిసిపోయినవాళ్లు "చూలేఁ హిల్ గయీఁ" అంటారు, ఒంట్లో అతుకులన్నీ కదిలిపోయాయని. మనిషి ఒంటినీ మంచం కోడునూ ఒకే మాటతో చూసినవాళ్లు మన పెద్దలు.

ఇక కర్ర సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన విజయనగరం జిల్లాలోనూ చెట్లు లెక్కలేనన్ని కూలాయి. ఆ పేరు పెట్టింది ఒమన్ దేశం. సులైమాన్ అలైహిస్సలాం దగ్గరికి సబా రాణి ఖబర్ తెచ్చిన పిట్ట పేరే అది. నెల్లిమర్లలో మా వీధి చివర పడిన వేపచెట్టును పొయ్యిలోకి కొట్టేస్తుంటే, మొద్దు ముక్క ఒకటి కొని సామిల్లులో పలకలు కోయించాను. పలకకీ పలకకీ మధ్య సన్నబద్దలు పెట్టి మెట్ల కింద పేర్చాను. పచ్చి కర్ర అంగుళం మందానికి ఏడాది ఆరాలని వడ్రంగులు ఒక లెక్క చెబుతారు. నాది ఆ లెక్క కంటే చాలా ఎక్కువే ఆరింది.

ఏ కర్ర దేనికన్నది మన ఉత్తరాంధ్రలో చూసి నేర్చుకోవచ్చు. బొబ్బిలి వీణకు పనస కావాలి, ఒకే మొద్దులోంచి తొలుస్తారు. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కావాలి, మెత్తగా ఉండి తరిణె మీద చక్కగా తిరుగుతుంది. పాత ఇళ్ల దర్వాజాల్లో బర్మా టేకు దొరికితే అదృష్టమే. మామిడి చవక, కానీ పురుగు తొందరగా పడుతుంది. వేప చేదు కాబట్టి పురుగు అంత తేలిగ్గా ముట్టదు. కుర్చీకి కావాల్సిన గట్టిదనమూ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, టేకు కోసం ఆగకండి. ఆరిన కర్ర ఏదైనా పచ్చి టేకు కంటే మేలు.

కోత మొదలుపెట్టక ముందు కొలత. అమ్మీని బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు లేకుండా, మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచాను. 15 అంగుళాలు. మామూలుగా కూర్చోవడానికైతే అదే సరైన ఎత్తు. నొప్పి మోకాళ్లకు మాత్రం సీటు కాస్త ఎత్తుగా ఉంటే లేవడం సులువు, మరీ ఎత్తయితే పాదాలు వేలాడతాయి. ఎక్కడ ఆపాలి? పొట్టి బెంచీ మీద పాత పేపర్లు పేర్చి, ఒక్కో అంగుళం పెంచుతూ కూర్చుని లేవమన్నాను. 17 దగ్గర మడమలు లేచాయి. 16 దగ్గర పాదం పూర్తిగా ఆనింది, లేవడమూ తేలికైంది. "క్యా రే, నౌక్రీ ఛూట్ గయీ క్యా? మాఁ కో నాప్ రహా హై" అని అమ్మీ ఒకటే నవ్వు. నేను రాసిన వార్తలు ఇంత సూటిగా ఒకరికి పనికిరావడం అదే మొదటిసారి.

కొలతలు పట్టుకుని మా ఊరి వడ్రంగి మేస్త్రి దగ్గరికి వెళ్లాను. షౌఖ్ కోసం చేసేవాళ్లు కడుపు కోసం చేసేవాళ్ల దగ్గర నేర్చుకోవాలి, వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వాలి. కాయితం మీద నా బొమ్మ చూసి ఆయన ఒక్కటే అడిగాడు.

"ముసలమ్మ నేసేటప్పుడు కాళ్లెక్కడ ఎడతాది బావూ?"

నేను కుర్చీలోంచి లేచి చూపించాను. మనిషి లేవాలంటే పాదాలు మోకాళ్ల కంటే వెనక్కి, సీటు కిందికి రావాలి. మామూలు కుర్చీలకు ముందు కాళ్ల మధ్య కింద ఒక అడ్డబద్ద ఉంటుంది. పాదాలు దానికి తగులుతాయి. "ఆ బద్ద నేదనుకో, అమ్మ తనంతట తనే నేస్తాది" అన్నాడు. నా బొమ్మలో ఉన్న ఆ బద్దను పెన్సిలుతో కొట్టేశాడు. పక్కలా వెనకా కింద బద్దలుంటే పటుత్వానికి చాలన్నాడు. 16 అంగుళాలకు నేను పెట్టిన ఆలోచనంతా ఆ ఒక్క గీతతో పూర్తయింది.

తయారైన కుర్చీ ఇదీ. కాళ్లు నాలుగూ దాదాపు రెండంగుళాల చదరం. ముందు కాళ్లు సీటు దగ్గర ఆగకుండా ఇంకో ఏడున్నర అంగుళాలు పైకి వెళ్లి చేతులను మోస్తాయి. ఆ చేతులు సీటు అంచు కంటే అంగుళం ముందుకు వస్తాయి, అరచేయి ఊనడానికి. సీటు లోతు 14 అంగుళాలే, కాబట్టి వెనక్కి జారిపోయే చోటు లేదు. సీటు వాలు లేకుండా చదునుగా ఉంటుంది. తొడకు ఒత్తుకోకుండా ముందు అంచును గుండ్రంగా చిత్రిక పట్టాను. మాది జూట్ మిల్లు ఊరు కదా, పురికొసతో సీటు అల్లమన్నారు ఇంట్లో. చూడ్డానికి ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది నిజమే. కానీ అల్లిన సీటు రోజులు గడిచేకొద్దీ కుంగుతుంది, కుంగిన సీటులోంచి లేవడం నొప్పి మోకాళ్లకు నరకం. గోనెపట్టా ఒక మడత వేసి, పైన జానెమాజ్ పరిచాం. మా ఊరి జూట్‌కు ఆ ఇజ్జత్ దక్కింది.

అతుకుల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. స్క్రూలు బిగిస్తే గంటలో అయిపోతుంది. కానీ కర్ర కొసవైపు నుంచి దిగిన స్క్రూకి పట్టు తక్కువ. రోజుకు ఐదు నమాజ్‌లు, ప్రతిసారీ లేస్తూ మనిషి బరువంతా చేతుల మీద వేస్తే అది వదులవుతుంది. అందుకే బద్ద కొసను సన్నగా చెక్కి కాలి బెజ్జంలో దించే పాత పద్ధతి. మేస్త్రి దాన్ని కుసి అంటాడు. కుసి మందం బద్ద మందంలో మూడో వంతు. మొదటి రెండూ ఆయన కోసి చూపించాడు, మిగతావి రెండు ఆదివారాలు నేను కోశాను. జిగురు పెట్టి బిగించాక మూల నుంచి ఎదురు మూలకు రెండువైపులా టేపు పట్టాలి. రెండు కొలతలూ ఒకటైతేనే చట్రం చదరంగా ఉన్నట్టు.

సీటుకు ఐదు పలకలు, మధ్యలో సన్న సందులు. "కర్రకి ఊపిరుంటాది బావూ, వానకి లావవుతాది, ఎండకి సన్నబడతాది" అన్నాడు మేస్త్రి. కర్ర ఉబ్బేది అడ్డంగా, నిలువునా దాదాపు మారదు. వానాకాలంలో సముద్రపు తేమ తగిలే మన జిల్లాలో ఆ సందులు లేకపోతే పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పైన కాచిన అవిసె నూనె రెండు పూతలు. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయండి. కాళ్ల కింద పాత స్కూటర్ ట్యూబు ముక్కలు అంటించాను, గచ్చు మీద జారకుండా. కలప, జిగురు, మేస్త్రి కూలీ అన్నీ కలిపి 1,400 రూపాయలయ్యాయి.

మొదటి రోజు అమ్మీ కుర్చీని నమ్మలేదు. అసర్‌కు కూర్చుంది, సలాం తిప్పింది, అలవాటుగా "బేటీ" అని పిలిచింది. బేగం వంటింట్లోంచి వచ్చేలోపు చేతులు ఊని తనే లేచి నిలబడింది. ఎవరమూ ఏమీ అనలేదు. ఓ వారం తర్వాత ఒక రాత్రి వజూ నీళ్ల చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. లేచి వెళ్లలేదు. వెళితే "నిన్ను లేపేశానా" అంటుంది, ఆ మాట వినాలని లేదు.

ఇప్పుడు నా నోటుబుక్కులో కొలతల పేజీ ఒకటి ఉంది. పక్కింటి పెద్దమ్మకు 14 అంగుళాలు, పీట మీద కూర్చుని లేవలేక వంట మానేసిన మనిషి. మా ఖాలూకి 17న్నర, ఆరడుగుల మనిషి, ఆయనకు మామూలు కుర్చీ పొట్టి. ఒకే వీధిలో మూడున్నర అంగుళాల తేడా. మన మస్జిద్‌లలో సవాబ్ నీయత్‌తో ఎవరో ఒకరు డజను కుర్చీలు ఇస్తారు, అల్లాహ్ ఖుబూల్ చేయుగాక. కానీ ఆ డజనూ ఒకే ఎత్తు. సఫ్ చివర కూర్చున్న బుజుర్గులను ఒకసారి గమనించండి, కొందరి మడమలు గాలిలో ఉంటాయి, కొందరి మోకాళ్లు పొట్ట దాకా వస్తాయి. కమిటీ పెద్దలు ఈసారి రెండు ఎత్తుల్లో, గట్టి చేతులున్నవి చేయిస్తే బాగుంటుంది. ఊళ్లో వడ్రంగికి కూడా నాలుగు రోజుల పని దొరుకుతుంది.

మీరు రంపం పట్టకపోయినా ఫర్వాలేదు. ఈ జుమా నమాజ్ తర్వాత ఇంటికెళ్లి అమ్మీనో అబ్బానో నానీనో కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, మడమ నుంచి మోకాలి మడత దాకా కొలవండి. తర్వాత వాళ్లు రోజూ కూర్చునే కుర్చీని కొలవండి. రెండు అంకెలూ ఒక కాయితం మీద రాసి మీ ఊరి మేస్త్రికి ఇవ్వండి. ముందు బద్ద వద్దని మాత్రం మరిచిపోకుండా చెప్పండి.

దుఆల్లో యాద్ ఉంచుకోండి.