గౌరవ వందనం

2012 ఆగస్టులో ఆర్సెనల్ తన నాయకుడైన రాబిన్ వాన్ పెర్సీని మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మినప్పుడు, ఆ అమ్మకాన్ని సమర్థించిన అభిమానుల్లో నేనూ ఒకణ్ణి. నాది పూర్తిగా చిట్టా ఆవర్జాల వాదన. అంతకు ముందు సీజనులో లీగులో 30 గోల్స్ చేసిన మాట నిజమే. కాని అతనికి 29 ఏళ్లు నిండాయి, గాయాల చరిత్ర పెద్దది, ఒప్పందంలో ఒక్క ఏడాదే మిగిలింది. దాన్ని పొడిగించుకోనని జూలైలోనే బహిరంగంగా చెప్పేశాడు. 1995 నాటి బోస్మన్ తీర్పు తరువాత, గడువు తీరిన ఆటగాడు పాత జట్టుకు పైసా దక్కకుండానే వెళ్లిపోవచ్చు. అటువంటప్పుడు సుమారు 2.4 కోట్ల పౌండ్లు వస్తుంటే కాదనడం అవివేకం కాదా అనుకున్నాను.

ఆ లెక్కలో నేను వేయని పద్దు ఒకటుంది. స్పెయిన్‌కో ఇటలీకో వెళ్లిన ఆటగాడు మన జట్టులో ఒక ఖాళీని మాత్రమే మిగులుస్తాడు. అదే లీగులోని ప్రత్యర్థి గూటికి చేరితే మన బలం తరగడమే కాదు, అవతలివాడి బలం పెరుగుతుంది. పైగా ఏడాదికి రెండుసార్లు ఎదురుపడతాడు. నష్టం రెండు వైపులా, సొమ్ము ఒక్కసారే!

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1992లో ఛాంపియన్లైన లీడ్స్, అదే ఏడాది నవంబరులో ఎరిక్ కాంటోనాను 12 లక్షల పౌండ్లకు ఇదే యునైటెడ్‌కు అమ్మింది. ఆ సీజను ముగిసేసరికి యునైటెడ్ 26 ఏళ్ల తరువాత లీగు గెలిచింది, లీడ్స్ 17వ స్థానానికి పడిపోయింది. ఇలా కొనడంలో చేయి తిరిగిన యునైటెడ్, 2007లో తన ఆటగాడు గాబ్రియెల్ హైన్సే లివర్‌పూల్‌కు పోతానంటే మాత్రం ససేమిరా అంది. వ్యవహారం మధ్యవర్తుల సంఘం దాకా వెళ్లినా తన మాటే నెగ్గించుకుని, చివరికి రియల్ మాడ్రిడ్‌కు అమ్మింది.

నాకు తత్వం బోధపడింది 2013 ఏప్రిల్ 28, ఆదివారం రాత్రి. వాన్ పెర్సీ 24 గోల్స్‌తో యునైటెడ్ అప్పటికే లీగు గెలిచింది. ఆనాటి ఆట ఆర్సెనల్ సొంత మైదానంలో. ఆనవాయితీ ప్రకారం ఆర్సెనల్ ఆటగాళ్లు రెండు వరుసలుగా నిలబడి కొత్త ఛాంపియన్లకు చప్పట్లు కొట్టాలి. కొట్టారు. నిరుటిదాకా అతన్ని నాయకుడిగా ఎరిగిన వాల్కాట్, రామ్సే ఆ వరుసల్లో ఉన్నారు. వాళ్ల మధ్యనుంచి అతను నడిచి వచ్చాడు. స్టాండ్లు ఈసడింపులతో హోరెత్తాయి. ఆ పైన పెనాల్టీ గోలు కూడా అతనిదే, ఆట 1–1తో ముగిసింది. ఆ 2.4 కోట్లతో ఏం కొన్నారో, ఎవరికి జీతాలిచ్చారో ఆ క్షణాన నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇంత తెలిసినవాణ్ణి మారాలి కదా? ఆ వేసవిలోనే లూయిస్ సువారెజ్ కోసం ఆర్సెనల్ 4 కోట్లమీద ఒక్క పౌండు ఇస్తామంటే లివర్‌పూల్ అమ్మనంది. "ఇంత మొండితనమా!" అని విసుక్కున్నాను. అతను అక్కడే ఉండి లీగులో 31 గోల్స్ చేశాడు. జట్టు రెండో స్థానంలో నిలిచింది. 2014లో అతన్ని అంతకంటే చాలా ఎక్కువ ధరకు బార్సిలోనాకు పంపారు.

2014 ఫిబ్రవరిలో ఆ లివర్‌పూల్ మమ్మల్ని 5–1తో ఓడించింది. నేను నాలుగో గోలుకే, అంటే ఇరవయ్యో నిమిషానికే, టీవీ కట్టేశాను.