ఆపమనే అధికారం ఎవరిది?

కోనసీమలో ఓ గ్యాస్ బావి దగ్గర గేటులోనే నా సెల్‌ఫోన్ తీసేసుకున్నారు. ఇనప బీరువాలో పెట్టి టోకెన్ చేతికిచ్చారు. తలకు హెల్మెట్ తగిలించి, రిజిస్టర్‌లో సంతకం చేయించుకున్నారు. ఆ తర్వాత గంటసేపు, తాడు కట్టిన హద్దుకు ఇవతల నిలబడి, బావిలోకి దించబోయే పేలుడు గొట్టాన్ని సిద్ధం చేయడం చూశాను. వెల్డింగ్ ఆపేశారు. వాకీటాకీలు మూగబోయాయి. అంతా పద్ధతిగానే ఉందనిపించింది. సాయంత్రం రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర చిల్లర కోసం బ్యాగు వెతుకుతుంటే పక్క అరలో నా రెండో ఫోన్ చేతికి తగిలింది. ఆఫీసు ఇచ్చిన ఫోన్ అది. సైలెంట్‌లో ఉంది. మూడు మిస్డ్ కాల్స్. మూడూ ఆ గంటలో వచ్చినవే.

ఆ మూడు కాల్స్ నన్నెందుకు భయపెట్టాయో అర్థం కావాలంటే ఆ గొట్టంలో ఏముంటుందో తెలియాలి. బావి తవ్వాక లోపల ఉక్కు గొట్టాలు దించి చుట్టూ సిమెంటు నింపుతారు. దాంతో బావి గట్టిపడుతుంది. కానీ గ్యాసో చమురో ఉన్న రాతి పొరకూ బావికీ మధ్య గోడ కట్టినట్టవుతుంది. రెండు, మూడు కిలోమీటర్ల లోతున ఆ గోడకు రంధ్రాలు పెట్టాలి. అందుకు వాడేదే పెర్ఫొరేటింగ్ గన్. పొడవాటి గొట్టంలో గరాటు ఆకారపు చార్జ్‌లను వరసగా అమర్చి, డిటొనేటింగ్ కార్డ్‌తో కలిపి, తీగకు కట్టి దించుతారు. కరెంటు ఇస్తే డిటొనేటర్ పేలుతుంది. దాని వెంటే చార్జ్‌లన్నీ రెప్పపాటులో పేలి ఉక్కునూ సిమెంటునూ చీల్చుకుని రాతిలోకి దారి చేస్తాయి. చార్జ్‌లలో ఉండేది ఆర్‌డీఎక్స్, హెచ్‌ఎంఎక్స్ వంటి మందు.

బావుల్లో పేలుడు పదార్థాల వాడకం కొత్తేమీ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1865లోనే చమురు బావిలో మందుగుండు పేల్చి దిగుబడి పెంచాడు. లోతున పేలితే పైనున్నవారికి తెలిసేది తీగలో చిన్న కుదుపు మాత్రమే. అదే గన్ నేలమీద పేలితే చుట్టూ ఉన్నవాళ్లకు తప్పుకునే వ్యవధే ఉండదు.

అందుకే ఈ పనిలో ప్రతి అడుగుకూ ఒక వరస ఉంది. ముందు విద్యుత్ కనెక్షన్, ఆ తర్వాతే డిటొనేటర్‌కూ కార్డ్‌కూ మధ్య కనెక్షన్. డిటొనేటర్‌ను రక్షణ గొట్టంలో ఉంచి, అతి తక్కువ కరెంటుతో పనిచేసే ప్రత్యేక మీటర్‌తోనే పరీక్షించాలి. ఫైరింగ్ ప్యానెల్ తాళంచెవి బాధ్యుడి జేబులో ఉండాలి. గన్ నేల కింద సుమారు 200 అడుగులు దాటేవరకు రేడియోలు, సెల్‌ఫోన్లు, వెల్డింగ్ అన్నీ బంద్. ఉరుములు, మెరుపులు ఉంటే పని మొదలే పెట్టకూడదు. లోపల పేలకుండా పైకి వచ్చిన గన్ ఏ క్షణమైనా పేలవచ్చన్న లెక్కలోనే ఉండాలి. ఇక సెల్‌ఫోన్ సంగతి. పాత రకం విద్యుత్ డిటొనేటర్ పేలడానికి కొద్దిపాటి కరెంటు చాలు. దగ్గర్లోని ట్రాన్స్‌మిటర్ తరంగాలను దాని తీగలు యాంటెన్నాలా పట్టుకుంటే ఆ కరెంటు పుట్టే ప్రమాదం ఉంటుంది.

ఆ రాత్రే ఇంజనీర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేం వాడింది రేడియో తరంగాలను తట్టుకునే రకంలెండి. మీరూ దూరంగానే ఉన్నారు. ఏమీ కాలేదు కదా" అన్నారు. సాంకేతికంగా ఆయన చెప్పింది నిజమే కావచ్చు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి మాట.

నేను ఈ ప్రాంతంలోనే పెరిగాను. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఔట్ జరిగి మంటలు లేచినప్పుడు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నాను. 65 రోజులపాటు ఆ మంట మా రాత్రుళ్లను వెలిగించింది. మా నాయనమ్మ ఆ వెలుగులోనే పెరట్లో అంట్లు తోమేది. విచిత్రమేమిటంటే అదే ఏడాది జూలై 31న దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ మోగింది. ఆనాడు బావి దగ్గర పనిచేసిన కూలీకి సెల్‌ఫోన్ వల్ల ముప్పు ఉంటుందని నేర్పాల్సిన అవసరమే లేదు. ఇప్పుడు ఒక్కో జేబులో రెండేసి ఫోన్లు. ముప్పు చోటు మార్చింది. మరి దాన్ని గుర్తుపట్టే చదువు?

2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. 2020 మే 27న అస్సాంలోని బాగ్‌జాన్‌లో బావి మరమ్మతుల మధ్య గ్యాస్ ఎగదన్నింది. జూన్ 9న అంటుకున్న మంట నవంబర్‌లో గానీ ఆరలేదు. ఆ మంటల దగ్గరే ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. 2026 జనవరి 5న మళ్లీ కోనసీమలోనే, మలికిపురం మండలం ఇరుసుమండలో బావి దగ్గర మంటలు లేచి జనం ఇళ్లొదిలి వెళ్లాల్సి వచ్చింది. వీటి కారణాలు ఒకటి కాదు. పెర్ఫొరేటింగ్ గన్‌తో వీటిని ముడిపెట్టడం నా ఉద్దేశమూ కాదు. కానీ ప్రతిసారీ మా ఊళ్లో వినిపించే ప్రశ్న ఒకటే: అక్కడ పనిచేసేవాళ్లకు ఏం నేర్పారు?

అది చూడాలనే, కొన్ని వారాల తర్వాత అనుమతి తీసుకుని రాజమండ్రి దగ్గర ఓ కాంట్రాక్టర్ షెడ్డులో జరిగిన రిఫ్రెషర్ శిక్షణకు వెళ్లాను. ఇరవై మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది గన్ మోసేవాళ్లు, బిగించేవాళ్లు, పెట్టెలు దించేవాళ్లు. తెరమీద ఇంగ్లీషు స్లైడ్లు. శిక్షకుడు వాటిని చదివి, తెలుగులో ఒక్క ముక్క చెప్పి, తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోతున్నాడు. రేడియో తరంగాల స్లైడ్ వచ్చింది. దానిమీద పేజర్ బొమ్మ ఉంది. నా పక్కన కూర్చున్న పాతికేళ్ల కుర్రాడు అదేమిటని అడిగాడు. మధ్యాహ్నం పరీక్ష పెట్టారు. జవాబులు వెనకనుంచి ముందుకు ప్రయాణం చేశాయి. అందరూ పాసయ్యారు, సంతకాలు చేశారు.

టీ విరామంలో ఓ హెల్పర్ నా దగ్గరకొచ్చాడు. బావి దగ్గర చూసిన మొహమే. నలభై ఏళ్లుంటాయి.

"ఆ రోజు మీ బ్యాగులో లైటెలగడం నేను చూశానండి" అన్నాడు నెమ్మదిగా.

"మరి చెప్పలేదేం?"

"మీరు పెద్దసార్లతో వచ్చారు కదండీ. పనాగితే గంటకి ఇంత నష్టమని ఎప్పుడూ అంటుంటారు. తీరా అది ఫోను కాదనుకోండి. ఉత్తి అనుమానంతో పనాపించానని రేపటినుంచి నన్ను రావద్దంటే?"

"ఫోన్ ఉండకూడదని తెలుసుగా?"

"తెలుసండి. సంతకం కూడా పెట్టాను."

ఎమ్మే పొలిటికల్ సైన్స్‌లో అధికారం గురించి రెండేళ్లు చదువుకున్నాను. ఎవరు ఎవరిచేత ఏం చేయించగలరన్నది ఒక లెక్క. తెలిసిన సంగతిని ఎవరు నోరు విప్పి చెప్పలేకపోతున్నారన్నది అంతకంటే పెద్ద లెక్క. ఆ పాఠం నాకు సరిగ్గా అర్థమైంది ఆ షెడ్డు బయట, చేతిలో టీ గ్లాసుతో.

మన దగ్గర నియమాలకు కొదవ లేదు. పేలుడు పదార్థాల లైసెన్సులు చూసేది నాగపూర్‌లోని పెసో, 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం. నేలమీది చమురు బావులు చట్టం దృష్టిలో గనులే. కాబట్టి వాటి భద్రత ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ పరిధిలోకి వస్తుంది. 1984 నాటి ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. చమురు పరిశ్రమ భద్రతకు 1986లో ఏర్పాటైన ప్రత్యేక డైరెక్టరేట్ ప్రమాణాలు ఉండనే ఉన్నాయి. గని కార్మికులకు అయిదేళ్లకోసారి రిఫ్రెషర్ శిక్షణ ఉండాలన్న నియమం మాత్రం 1966 నాటిది. ఈ అయిదేళ్లలో డిటొనేటర్ మారుతుంది, ఫోన్ మారుతుంది, కాంట్రాక్టర్ మారతాడు. ఒక్కోసారి కార్మికుడే మారిపోతాడు.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 1952 నాటి గనుల చట్టాన్ని తనలో కలిపేసుకుంది. ప్రాణానికో, ఒంటికో తక్షణ ముప్పు ఉందని సహేతుకమైన అనుమానం కలిగితే కార్మికుడు యజమాని దృష్టికి తేవచ్చని అది చెబుతోంది. మంచిదే. కానీ గన్‌కు డిటొనేటర్ బిగించే వేళ యజమాని అక్కడ ఉండడు. ఉన్నది ఇంజనీర్, నలుగురు హెల్పర్లు, అప్పుడప్పుడు నాలాంటి అతిథి. ఆ క్షణంలో 'ఆపండి' అనడం హక్కుగా కాగితం మీద ఉంటే చాలదు, నోటికి అలవాటు కావాలి.

శిక్షణను కొత్తగా మార్చడమంటే పేజర్ బొమ్మ తీసేసి సెల్‌ఫోన్ బొమ్మ పెట్టడం కాదు. పాఠం కార్మికుడి భాషలో ఉండాలి. ఏం చేయకూడదో చెప్పి ఊరుకోకుండా ఎందుకు చేయకూడదో చెప్పాలి. ఒకచోట తరంగాలను తట్టుకునే డిటొనేటర్, మరోచోట పాత రకం వాడుతున్నప్పుడు, రెండింటినీ చేత్తో పట్టుకుని తేడా గుర్తుపట్టడం నేర్పాలి. లేకపోతే ఒక బావి దగ్గర నేర్చిన ధీమా ఇంకో బావి దగ్గర ప్రాణం తీస్తుంది. పేలని గన్ పైకి వచ్చినప్పుడు ఏం చేయాలో డమ్మీ గన్‌తో సాధన చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, తృటిలో తప్పిన ప్రమాదాలు పాఠాలు కావాలి. 'ఏమీ కాలేదు కదా' అన్న దగ్గర మనం ఫైలు మూసేస్తాం. పాఠం మొదలవ్వాల్సింది అక్కడే.

అందుకని నా తప్పును నేనే ఒక పేజీ తెలుగులో రాసి ఇంజనీర్‌కు ఇచ్చాను. పేర్లు, ఊరు తీసేసి వాడుకోమన్నాను. హెల్పర్ సంగతి అందులో రాయలేదు. ఆయన మొదట ఇబ్బంది పడ్డారు. "అందరికీ ఆపే అధికారమిస్తే రోజుకు పదిసార్లు ఆపుతారండీ" అన్నారు. ఆ భయం ఉత్తిది కాదు. రిగ్గు అద్దె గంటల లెక్కన నడుస్తుంది, జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. పది నిమిషాలు ఆగడానికి భయపడే చోట మనిషి మాట్లాడటానికీ భయపడతాడని మాత్రం చెప్పాను. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు.

ఈసారి స్లైడ్లు లేవు. యార్డులో ఇసుక నింపిన డమ్మీ గన్. ఇంజనీర్ స్వయంగా పెద్ద అధికారి వేషం కట్టి, జేబులో వెలుగుతున్న ఫోన్‌తో తాడు దాటి వచ్చారు. ఒక్కొక్కరూ ఆయన్ను ఆపాలి. ఆ హెల్పర్ వంతు వచ్చింది. మొదటిసారి నవ్వేసి తల దించుకున్నాడు. రెండోసారి "సార్, అదీ..." అని ఆగిపోయాడు. ఎవరూ నవ్వలేదు. మూడోసారి చెయ్యెత్తి "ఆపండి సార్, ఫోనుంది" అన్నాడు. గొంతు కాస్త వణికింది. ఇంజనీర్ అక్కడికక్కడే ఆగి ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టారు. ఆపినందుకు ఎవరి కూలీ కోయబోమని అందరి ముందూ చెప్పి, రిజిస్టర్‌లో రాయించారు. ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. శిక్షణ ఒక్క యార్డులో మారితే సరిపోదు. కోనసీమ నుంచి ఎగువ అస్సాం దాకా ఎన్నో బావులున్నాయి, అంతకు ఎన్నో రెట్లు హెల్పర్లున్నారు.

మొన్న అదే బావికి మళ్లీ వెళ్లాను. గేటు దగ్గర ఫోన్ ఇచ్చి టోకెన్ తీసుకుంటుంటే ఆ హెల్పర్ ఎదురొచ్చాడు. పక్కన ఇంజనీర్ ఉన్నారు. అయినా తిన్నగా నా బ్యాగు వైపు చూపించి అడిగాడు:

"రెండోదండీ?"

తీసి ఇచ్చాను.