ఉగాదినుండి ఉగాదివఱకు: అనంతపురములోని టెన్నిసు బడి

టెన్నిసు అనగానే మన ఇండ్లలో ఇప్పటికిని అది దొరల ఆట యను తలంపే కలుగును. అందుకు కారణము లేకపోలేదు. 1874లో ఇంగ్లండులో వింగ్‌ఫీల్డు అను సైనికోద్యోగి ఈ ఆటకు నియమములు కూర్చి హక్కుపత్రము పొందెను. పిమ్మట అది దొరలవెంట మన దేశమునకు వచ్చి, జిల్లా కేంద్రములలోను, రైల్వే కాలనీలలోను, గనుల పట్టణములలోను గల ఉద్యోగుల క్లబ్బులలో నెలకొనెను. ఆ గోడలలోపల పేదయింటి పిల్లవానికి దొరకిన పని బంతు లేరి యిచ్చుట. పేదయింటి ఆడపిల్లకు ఆ పనియు లేదు. అట్టి ఆట కరవుసీమలోని రైతుకూలీల బిడ్డల చేతికి వచ్చిన చోటొకటి కలదు. దానిని గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా బోనకల్లు ఖమ్మము జిల్లాకు దక్షిణపు టంచున, హైదరాబాదునుండి బెజవాడకు 1889లో వచ్చిన నైజాము రైలుదారిమీద నున్నది. సాగరు ఎడమకాలువ నీటితో మిరప, ప్రత్తి పండు నేల యిది. ఇచ్చట రైలెక్కి, బెజవాడలో మాఱి, గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటినచో కాలువలు వెనుకబడును. మార్కాపురము, గిద్దలూరు గడచిన పిమ్మట రైలు సొరంగములలో దూఱి నల్లమల నతిక్రమించి నంద్యాలకు దిగును. డోను, గుత్తి దాటునప్పటికి నేల యెఱ్ఱబడి, బోడికొండలు, బండరాళ్లు కన్నుల కగపడును. అనంతపురమున సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దివానను నమ్ముకొని వేరుసెనగ విత్తు రైతు లచ్చట పెక్కుమంది.

స్పెయిను దేశమునుండి 1952లో క్రైస్తవ సన్న్యాసిగా మన దేశమునకు వచ్చిన విన్సెంటు ఫెర్రరు 1969లో ఈ సీమను చేరి, గ్రామీణాభివృద్ధి ట్రస్టును స్థాపించెను. తరువాత సన్న్యాసము విడిచి ఆన్ అను ఆంగ్లవనితను వివాహమాడెను. ఆ దంపతుల సేవ బావులకు, బడులకు, వైద్యశాలలకు, ఆటస్థలములకును వ్యాపించినది. ఫెర్రరు 2009లో మరణించెను. మఱుసటియేడు, 2010 అక్టోబరులో, రఫాయెల్ నడాల్ అనంతపురమునకు వచ్చి, ట్రస్టువారి క్రీడాగ్రామములో టెన్నిసు బడిని ప్రారంభించెను. 2024లో ఆట విరమించునాటికి 22 గ్రాండ్‌స్లాము విజయములు గడించిన స్పెయిను వీరు డీయన. ఈయన పేరిటి సేవాసంస్థకు అధ్యక్షత వహించినది ఈయన తల్లి అనా మరియా పరేరా. ఈ బడిలో ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుటయు, పుష్టికరమైన ఆహారము పెట్టుటయు నేర్పాటైనవి. బాలురును బాలికలును ఒకే కోర్టులో కలిసి నేర్చుకొనుట దీని ముఖ్యోద్దేశములలో నొకటి.

ఆ సీమలో ఆడపిల్ల యాటకు సంవత్సరమెట్లు గడచునో ఋతువులవారీగా చూతము.

చైత్ర వైశాఖములలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఆటకు తగిన వేళలు రెండే: ప్రొద్దుపొడుపు, ప్రొద్దుగ్రుంకు. కొత్తగా వచ్చిన పిల్లకు పందెము లుండవు. బ్యాటు పట్టుట, దానిమీద బంతిని ఎగురవేయుట, చిన్న యడుగులతో బంతి వెనుకకు చేరుట, ఇవియే తొలిపాఠములు. కోర్టు పొడవు 78 అడుగులు. వెడల్పు ఇద్దరాడునప్పుడు 27, నలుగురాడునప్పుడు 36 అడుగులు. నడుమ వల యెత్తు 3 అడుగులు. ఇంటిలో పదడుగుల వసారా మాత్రమే తనదిగా నెఱిగిన పిల్లకు ఇంత తెఱపి దొరకుటయే ఒక విశేషము. ఇంట తల్లి చేయదగిన సాయము స్వల్పమే: ఆటకు ముందు రాగియంబలి, తరువాత మజ్జిగ. అయినను ఈ నెలలలోనే, ఎండలో పిల్ల నల్లబడును, రేపు పెండ్లి యెట్లగును అను మాట బంధువుల నోట వినవచ్చును. హైదరాబాదులో ఆఱవయేట బ్యాటు పట్టిన సానియా మీర్జాయు తన చిన్నతనమున ఈ మాటయే విన్నట్లు చెప్పియున్నది.

జ్యేష్ఠాషాఢములలో నైరృతిగాలి తెఱపిలేక వీచును. రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపినది ఈ గాలికొఱకే. సర్వీసునకై పైకెత్తిన బంతి చేతికందక ప్రక్కకు కొట్టుకొనిపోవును. గాలివాలున కొట్టిన బంతి గీత దాటును. ఎదురుగాలిలో కొట్టినది వల దాటియు దాటక చతికిలబడును. బంతిని తక్కువ యెత్తున విసరుట, బలమును కొలిచి వాడుట పిల్ల లప్పుడు నేర్తురు. వానచినుకు పడగానే విత్తనపు పనులు వచ్చును. తల్లి పొలమునకు పోయినచో చంటిబిడ్డ నెత్తుకొనుటకు పెద్దకూతురు ఇంట నుండవలెను. ఆడపిల్ల యాటకు ఇది మొదటి అడ్డు.

భాద్రపదమున వాన నిలిచి కురియును. కోర్టు జారును, బంతి తడిసి బరువెక్కును, ఆట ఆగును. ఆట ఆగినందుకు అందఱును సంతసించు ఊరది! ఆ దినములలో పాఠములు గదిలోనికి మాఱును.

కార్తికమున వేరుసెనగ పెఱికి కాయలు కోయుదురు. ఆ పనికి ఎన్ని చేతులైనను చాలవు. పంట చేతికి రాని యేట కొన్ని కుటుంబములు బెంగుళూరుకు కూలికి తరలిపోవును. పిల్లను అవ్వయొద్ద విడిచిపోవు ఇల్లును గలదు, వెంట గొనిపోవు ఇల్లును గలదు. వెంట గొనిపోయినచో బడియు ఆటయు నొకేసారి పోవును. ఇది రెండవ అడ్డు.

మార్గశిర పుష్యములలో గాలి చల్లబడి ఆటకు మిక్కిలి యనుకూలమగును. అఖిలభారత టెన్నిసు సంఘమువారి బాలబాలికల పందెములు 12, 14, 16, 18 ఏండ్ల లోపువారికి వేర్వేఱుగా జరుగును. పందెమనగా పొరుగూరి ప్రయాణము; రెండు మూడు రాత్రులు ఇంటికి దూరముగా నుండుట. తోడెవ్వరు, బస యెక్కడ, తిరిగి యెప్పుడు వచ్చునని అడుగని తల్లి యుండదు. అడుగుట ధర్మమే. ఆ ప్రశ్నలకు ఓర్పుతో సమాధానము చెప్పగల గురువు, తోడు వెళ్లగల స్త్రీ యొకతె ఉన్నచోటనే బాలికలు పందెములకు బయలుదేఱుదురు.

మాఘ ఫాల్గుణములలో పరీక్షలును ముహూర్తములును కలిసి వచ్చును. మూడవ అడ్డు ఇదియే, పెద్దదియు నిదియే. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 20 మొదలు 24 ఏండ్లవఱకు గల స్త్రీలలో 18 నిండకయే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది, మా తెలంగాణమున 23 మంది. కావున ఈ సంగతి అనంతపురమునకు మాత్రము చెందినది కాదు. పదునాలుగేండ్ల పిల్ల చేతిలో బ్యాటున్నంత మాత్రమున పెండ్లి ఆగునని నేననను. కాని పందెముల తేదీయు, పరీక్షల తేదీయు నున్న పిల్లకు "ఈ యేడు వలదు" అని తండ్రితో పలుకుటకు ఒక యాధారము దొరకును. గురువొకడు ఇంటికి వచ్చి ఆమె పక్షమున మాటాడును. తోడి పిల్లలు ఆమె రాలేదేమని అడుగుదురు. ఇంట మూల నున్న పిల్లను గూర్చి అట్లడుగువా రెవరు?

మరల ఉగాది వచ్చును. ఇట్టి బడి సంవత్సరాంతమున చూచుకొనవలసిన పెద్దలెక్క యొకటి కలదు: పోయిన ఉగాదికి బ్యాటు పట్టిన బాలికలలో ఈ ఉగాదికి ఎందఱు మిగిలిరి?

ఈ ఆటలో భారతస్త్రీలకు పూర్వచరిత్ర లేకపోలేదు. సంస్కృత కవయిత్రి పండిత క్షమారావు టెన్నిసులోను పేరుపొందినది. ఆమె కూతురు లీలా రావు 1934లో వింబుల్డనులో గెలిచిన మొదటి భారతస్త్రీ. సానియా 2015లో మార్టినా హింగిసుతో కలిసి వింబుల్డను జంటల విజయము పొంది, ఆ యేడే జంటల ఆటలో ప్రపంచమున మొదటి స్థానమున నిలిచి, 2023లో ఆట విరమించెను. అంతకుముందు 2014లో ఇంచియోను ఆసియా క్రీడలలో ఆమెయు, కృష్ణా జిల్లా ఉయ్యూరున బుట్టిన సాకేత్ మైనేనియు కలిసి మిశ్రమ జంటల స్వర్ణపతకము గెలిచిరి. తెలుగునాటి స్త్రీపురుషులు ఒకే కోర్టులో ప్రక్కప్రక్కన నిలిచి గెలిచిన ఆ విజయమును మన బిడ్డలకు కథగా చెప్పదగును.

అందఱు పిల్లలును సానియాలు కారు, కానక్కఱలేదు. మా బోనకల్లువంటి ఊళ్ల తల్లులకు నా మనవి యొకటే. మీ ఊరి బడి ఆవరణములో ఒక మూల చదును చేసి గీతలు గీయించి వల కట్టించుట పెద్దలు పూనినచో కాని పని కాదు. టెన్నిసు కుదరకున్న మఱియొక యాటయైన నేమి? అయితే దానిని మగపిల్లల పాలు చేయక, సాయంత్రము ఒక గంట ఆడపిల్లలకు ప్రత్యేకించుడు. మిరప కోతలు వచ్చినను, చంటిబిడ్డ ఏడ్చినను, మాఘమాసము వచ్చినను, ఆ గంటను మాత్రము వారినుండి తీసికొనకుడు.