గడ్డా యాత్రలో మనది ఏది?

సోలాపూర్‌లో జనవరి నెల వచ్చిందంటే మన ఇండ్లల్ల రెండు పనులు మొదలవుతయి. ఆడవాళ్ళు సకినాలకు బియ్యం నానబోస్తరు, మగపిల్లలు గడ్డా యాత్ర ఎప్పుడని లెక్క పెడతరు. యాత్ర అసలు పేరు సిద్ధేశ్వర యాత్ర. సుమారు తొమ్మిది వందల ఏండ్ల సంప్రదాయమని ఊరంతా చెప్పుకుంటది. పన్నెండో శతాబ్దంలో బసవన్న, అల్లమ ప్రభువుల కాలంలో ఇక్కడ సిద్ధరాముడు ఉండెను. ఊరికి చెరువు తవ్వించి, అరవై ఎనిమిది లింగాలను ఊరు చుట్టూ స్థాపించినవాడు ఆయనే. అప్పుడు ఈ ఊరి పేరు సొన్నలిగె. చెరువు నడుమ ఉన్న గుడి, ఎగ్జిబిషన్ నిండిన హోమ మైదానం, జెయింట్ వీల్, గాజుల దుకాణాలు చూసి పోయినవాళ్ళు యాత్ర అంతే అనుకుంటరు.

అసలు యాత్ర నందిధ్వజాలది. సుమారు ముప్పై అడుగుల పొడవు గల ఏడు ధ్వజస్తంభాలు. తెల్ల ధోతీ, తెల్ల బారాబందీ, తలపాగా కట్టినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో స్తంభాన్ని నడుముకు ఆనించి, నిలువుగా మోసుకుంట నడుస్తరు. దానికి నెలల ముందు నుంచే రాత్రిళ్ళు ప్రాక్టీస్ చేస్తరు. బాళివేస్‌లోని హిరేహబ్బు వాడా నుంచి ఊరేగింపు బయలుదేరుతది. "హర్ర బోలా హర్ర" అని జనం అరిచినప్పుడు స్తంభం ఒక్కసారి ఊగి మళ్ళా నిలబడతది. ఆ ఒక్క క్షణం చూడటానికే లక్షల మంది రోడ్డు మీద నిలబడతరు అనుకుంటం.

ఇక్కడ మా చదువు సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, బడి మాత్రం కన్నడ మీడియం, ఎందుకంటే ఇంటికి దగ్గరగా ఉన్న బడి అదే. తెలుగు అక్షరాలు మేము కన్నడ అక్షరాల మీదుగా నేర్చుకున్నం, రెండూ అక్కాచెల్లెండ్ల లెక్క ఉంటయి గనక కష్టం కాలేదు. ఈ కన్నడ చదువు ఉద్యోగానికి ఏం పనికొచ్చిందని అడిగితే జవాబు లేదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కు ఏ భాషా అక్కరలేదు. యాత్రకు మాత్రం పనికొచ్చింది. భోగి ముందు రోజు అరవై ఎనిమిది లింగాలకు నూనె పోసే కార్యాన్ని మరాఠీవాళ్ళు 'యణ్ణీమజ్జన్' అంటరు. అది 'ఎణ్ణె మజ్జన', నూనె స్నానం. హిరేహబ్బు అంటే పెద్ద పండుగ. సమ్మతి కట్ట అంటే పెండ్లికి ఒప్పుకున్న అరుగు. ఊరు మాట్లాడే భాష మారింది, దేవుని పనులకు పెట్టిన పేర్లు మాత్రం కన్నడలోనే ఆగిపోయినయ్.

పెండ్లి అన్నం కదా. సిద్ధరాముని మీద మనసు పడ్డ కుమ్మరి పిల్ల కథ అది. ఆయన యోగి, పెండ్లి చేసుకోలేడు, తన యోగదండంతో ఆమెకు పెండ్లి చేయించిండు. నందిధ్వజం ఆ యోగదండమే. భోగి రోజు సమ్మతి కట్ట దగ్గర దానికి బాషింగం కట్టి ఉంటది, సమ్మతి వచనాలు చదువుతరు, జనం అక్షింతలు చల్లుతరు. బాషింగం, అక్షింతలు! ఈ రెండు మాటలకు మాకు ఏ బడీ అక్కరలేదు, మా నాయనమ్మ పెండ్లి ముచ్చట్లల్ల వినుకుంట పెరిగినవే.

అయినా ఒక ప్రశ్న ఉండనే ఉంది. పోయినసారి యాత్రకు మా మేనబావ హ్యూస్టన్ నుంచి పిల్లలతో వచ్చిండు. పిల్లలు హోమ మైదానం చూసి, "ఇది మీ రోడియోనా?" అన్నరు. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఏడు మార్చి నెలలో జరిగే పశువుల ప్రదర్శన, రోడియో 1932 నుంచి నడుస్తున్నది. పశువులు కాసే కౌబాయ్‌లు తమ పనినే ఆటగా మార్చుకున్నరు, అదే రోడియో. గుర్రం మీద నుంచి తాడు విసిరి దూడను పట్టుడు, ఎగిరెగిరి పడే ఎద్దు మీద ఎనిమిది సెకన్లు నిలుచుడు. 1952 నుంచి గుర్రాల మీద, బండ్ల మీద దూరపు ఊళ్ళ నుంచి జనం ఊరేగింపుగా వస్తున్నరట. ఆ రోజుల్లో ఆఫీసులల్ల కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు కూడా పెద్ద టోపీలు, బూట్లు వేసుకుని పోతరు, మా బావ కూడా. ఆ కౌబాయ్ పని కూడా మెక్సికో వాకేరోల దగ్గర నేర్చుకున్నదే, రోడియో అన్న మాటే స్పానిష్.

పిల్లలు అడిగింది సులువు. బావ అడిగింది సులువు కాదు. "అత్తమ్మా, ఏడు ధ్వజాలల్ల మానం మనవాళ్ళకు ఒక్కటీ లేదు. అవి వేరే సమాజాలవి. మన మార్కండేయుని రథం శ్రావణ పున్నమికి లాగుతం, అది మనది. ఇది మన వారసత్వం ఎట్లయితది?" అని మా అమ్మను అడిగిండు. అమ్మ, "యాత్రకు పోనోడు సోలాపూర్ వాడేందిరా" అని ఊకుంది. మేము ఊకోలేకపోయినం.

లెక్కకు బావ మాట నిజమే. మనవాళ్ళు కరీంనగర్, నల్లగొండ, ఓరుగల్లు, పాలమూరు దిక్కు నుంచి నిజాం రాజ్యం దాటి ఇక్కడికి వచ్చేసరికి యాత్ర వయసు ఏడు వందలు దాటింది. 1870లలో జూనీ మిల్లు వచ్చింది, అదే కాలంలో పెద్ద కరువు. మగ్గం పట్టుకుని వచ్చినవాళ్ళకు ధ్వజం ఎవరిస్తరు? వచ్చేనాటికే మానాలు పంచుకుని అయిపోయినయ్.

కానీ మా ఇంటికి యాత్రలో ఒక జాగ ఉండె. అది ఊరేగింపులో కాదు, పశువుల బజారులో.

విజాపూర్ రోడ్డు దిక్కు ఆ బజారు నిండుతది. మంగళవేఢా, ఆట్‌పాడీ, ఇటు కర్ణాటక దిక్కు నుంచి ఖిల్లార్ ఎద్దులు వస్తయి. తెల్లటి ఒళ్ళు, సన్నటి మొహం, వెనక్కు వంగి పైకి లేచిన పొడుగాటి కొమ్ములు. కొమ్ములకు రంగు, మెడకు గంటలు, మూతికి కొత్త ముకుతాడు. బేరం నోటితో చేయరు. కొనేవాడు అమ్మేవాడు చేతుల మీద తువ్వాల కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటరు. చుట్టూ ఇరవై మంది నిలబడినా ఎంతకు పోయిందో ఎవనికీ తెల్వదు. రైతులు ఎద్దుల పక్కనే గడ్డి పరుచుకుని పండుకుంటరు, జనవరి చలి, మీద కప్పు లేదు.

మా తాత అక్కడ చద్దర్లు అమ్మేటోడు. ఏడాది పొడుగునా సావుకారికి నేసినా, సంక్రాంతికి ముందు నాలుగు రోజులు సాంచెల మీద తనకోసం నేసుకునేటోడట, ముదురు రంగులు, మందపు నూలు. సైకిల్ మీద కట్టుకుని సాయంత్రం చలి మొదలయ్యే టైముకు పోయేటోడు. ఎద్దు అమ్ముడుపోయిన రైతు చద్దరు కొంటడు, అమ్ముడుపోనోడు రెండో రోజుకు కొంటడు, ఇది తాత సూత్రం. బాపు తొమ్మిదేండ్ల వయసు నుంచి వెనక సీటు మీద పోయిండు. తువ్వాల చాటు బేరం ఎట్ల చేస్తరో బాపుకు ఇప్పటికీ వేళ్ళల్ల గుర్తుంది, మాకు చేసి చూపెడతడు.

సంక్రాంతి రోజు హోమం. సజ్జ కట్టకు చీర కట్టి కుమ్మరి పిల్లను అందులో అర్పిస్తరు. ఆ రాత్రి భాకణూక్. పొద్దుటి నుంచి ఉపాసం ఉంచిన లేగదూడను తెచ్చి ముందర గింజలు, బెల్లం లాంటివి పెడతరు. ఏది ముట్టుకుంటే దాని ధర పెరుగుతదని, మూత్రం పోస్తే వాన బాగా పడుతదని అర్థం చెప్తరు. మర్నాడు పేపర్లల్ల అదే వార్త. హ్యూస్టన్‌లో దూడను తాడేసి పట్టుకుంటరు, మా దగ్గర దూడ ఏం చేస్తదా అని ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తది, ఎవరి పశువు ఎవరిని ఆడిస్తున్నదో మరి. మా తాత ఏటేటా ఒకటే మాట అనేటోడట, "దాని ముందట ఒక నూలు కోను పెట్టరాదా?" నవ్వులాటకే అన్నడు గాని, నూలు ధర పెరిగిన ఏడాది ఇంట్లో పండుగ ఎట్ల ఉంటదో మాకు తెలుసు.

మర్నాడు పటాకుల మోత, ఆ తర్వాత కప్పడకళ్ళితో యాత్ర ముగుస్తది. కప్పడ అంటే బట్ట, కళ్ళి అంటే విప్పుడు. ధ్వజాల బట్టలు విప్పే రోజు. నేతవాళ్ళు ఉన్న ఊరికి ఈ పేరు ఎంత సరిపోయిందో బావకు చెప్తే, "కన్నడ బడి ఫీజు వసూలైంది" అన్నడు.

మా సాంచెలు ఇప్పుడు లేవు. కరెంటు బిల్లు, నూలు ధర, పానిపట్ దిక్కు నుంచి వచ్చే చవక సరుకు, మూడూ ఒక్కసారి పడ్డయి. నాలుగు సాంచెలు తుక్కు కింద పోయినయ్, వాటి సంపాదనతో చదివిన మేము పుణెలో ఇంకొకరి ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతున్నం. పశువుల బజారూ పలుచబడింది. ట్రాక్టర్ వచ్చినంక ఖిల్లార్ ఎద్దును దున్నటానికి ఎవరు కొంటరు? బండి పందేల కోసమే కొంటరు. 2014లో సుప్రీంకోర్టు పందేలు ఆపింది, 2021 డిసెంబరులో మహారాష్ట్రకు మళ్ళా అనుమతి వచ్చింది, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం చట్టం చెల్లుతదన్నది. ఎద్దుకు దెబ్బ తగులుతదన్న మాట మేము కొట్టిపారేయం. కానీ పందెం లేకపోతే ఆ ఎద్దును సాకేవాడు ఉండడన్న రైతు మాట కూడా అక్కడ నిలబడి విన్నం.

బాపు ఇప్పటికీ పోతడు. వేరే కార్ఖానా నుంచి పన్నెండు చద్దర్లు తెచ్చుకుని, ఈసారి మా స్కూటర్ మీద. మంగళవేఢా దిక్కు రైతు ఒకాయన చద్దరు చేతితో నలిపి చూసి, "ఇది మీ ఇంటిది కాదు గదా" అన్నడు మరాఠీలో. కాదన్నడు బాపు. "జోడీ ఏది?" అని ఆయనను అడిగితే, ఈసారి ఒక్క ఎద్దే తెచ్చిన అన్నడు. ఇద్దరూ గడ్డి మీద కూర్చుని నూలు ధర, దాణా ధర చెప్పుకుంట ఉండిపోయిండ్రు, మేము స్కూటర్ దగ్గర నిలబడి మిగిలిన చద్దర్లు లెక్కపెట్టినం.