బొంబాయి రోడ్డు రెండో కొస

మా జహీరాబాదుకూ సముద్రానికీ చుట్టరికం లేదు. ఆ మాటకొస్తే పెద్ద ఏరుతో కూడా లేదు. ఉన్నది నారింజ వాగు. అదీ వింత వాగే. సముద్రం తూర్పున ఉన్నదని తెలియనట్టు పడమటికి పోయి, బీదరు ప్రాంతమంతా చుట్టి మంజీరలో కలుస్తుంది. మంజీర వెంట మళ్ళీ మన గడ్డకు వచ్చి, గోదావరిలో పడి, అప్పుడు సముద్రం ముఖం చూస్తుంది. ఎర్రమట్టి, చెరకు, అల్లం, ఆలుగడ్డ: ఇవీ మా ఐశ్వర్యాలు. ఈ ఊళ్ళోనే డెబ్బైయెనిమిదేళ్ళు గడిపిన మా అమ్మ, మొన్న వినాయకచవితి మర్నాడు చిక్కుడుకాయలు వలుస్తూ, "సముద్రం ఒక్కపారి సూపిస్తవారా బిడ్డా?" అన్నది.

అమ్మ నోరు తెరిచి ఏదీ అడగదు. పైగా ఈ మాట మా నాన్న బాకీ. తీసుకుపోతా, తీసుకుపోతా అని ముప్పైయేళ్ళు చెప్పి, తీసుకుపోకుండానే ఆయన వెళ్ళిపోయాడు. అందువల్ల నాకు దాటవేయడానికి నోరు రాలేదు. "దసరా సెలవులున్నాయి గదమ్మా" అన్నాను.

అంతే, ఇల్లు అసెంబ్లీ అయింది. మావాడు గోవా అన్నాడు. వాడికి సముద్రమంటే గోవాయే! అయితే వాడి మాటలో న్యాయం లేకపోలేదు. నైరుతి వానలు వెనుదిరిగాక పడమటి తీరం చాలావరకు తేటపడుతుంది. ఆ రోజుల్లో అలజడి అంతా మన తూర్పు తీరానిదే. అమ్మాయి విశాఖపట్నం అన్నది. ఒడ్డున నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి, ఋషికొండ, తొట్లకొండ మీది బౌద్ధారామాలు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు అంటూ ఏకరువు పెట్టింది. "ఎర్రమట్టి సూడనీకి అంత దూరమెందుకే? మన పెరట్ల లేదా?" అన్నది అమ్మ. అవి గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్ళపాటు పేర్చిన ఇసుక దిబ్బలనీ, మనది రాయి చివికిన మట్టి అనీ నేను పాఠం చెప్పబోయాను. తరగతిలోలాగే ఇక్కడా ఎవరూ వినలేదు.

ఆ రాత్రి పటం ముందేసుకుని కూచుంటే ఒక సంగతి తోచింది. మా ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిని మావాళ్ళు బొంబాయి రోడ్డు అంటారు. అది పుణెలో బయలుదేరి, షోలాపురం దాటి మా ఊరు వచ్చి, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నంలో ఆగుతుంది. మొత్తం 800 కిలోమీటర్ల పైచిలుకు. విజయవాడలో అదే బాటకు బందరు రోడ్డని పేరు! నలభై ఏళ్ళుగా ఆ రోడ్డు దాటుతూనే ఉన్నాను. దాని రెండో కొసన సముద్రం ఉన్నదని ఎన్నడూ ఆలోచించలేదు. అటు గోలకొండకు రేవు బందరే. ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ కోఠీ పెట్టారు. పక్కనే పెడన కలంకారీ, ఊళ్ళో బందరు లడ్డు. ఇక మంగినపూడి సముద్రం విశాఖవలె సుందరమైనది కాదని ముందే మనవి చేస్తున్నాను. అక్కడ నల్లని ఒండ్రు నేల, లోతు తక్కువ నీళ్ళు. ముసలివాళ్ళ స్నానానికి అంతకంటె ఏం కావాలి?

ఊరు తేలింది గాని, రోజు తేలలేదు. "సద్దుల బతుకమ్మనాడు ఇల్లు తాళం పెట్టి పోతారా?" అని మా ఆవిడ కళ్ళెర్రజేసింది. అమ్మేమో కార్తిక పున్నమి స్నానం కావాలన్నది. నా భయం వేరు. అశ్వయుజ కార్తికాల్లో బంగాళాఖాతం వెచ్చగా ఉంటుంది. గాలులు దిశ మార్చుకునే వేళ అది. వాయుగుండాలకు పుట్టిల్లు. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరును ముంచితే సుమారు 30,000 మంది పోయారు. 2014లో దసరా సంబరం తీరకముందే, అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను చావబాదింది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది కార్తికంలోనే.

దివిసీమ పేరు వినగానే అమ్మ చెయ్యి ఆగింది. "అప్పుడు మనూరికెల్లి బట్టల మూటలు పోయినయి. నా పెండ్లి దుప్పటి ఇచ్చిన" అన్నది. నాకు ఆ సంగతి ఇన్నేళ్ళూ తెలియదు. "ఆ ఊరు బందరుకు దగ్గరేనా?" అని అడిగింది. దగ్గరేనన్నాను. అవనిగడ్డ మీదుగా హంసలదీవి దాకా పోతే కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుందనీ చెప్పాను. దాంతో మా ప్రయాణానికి ఒక రోజు పెరిగింది.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. బతుకమ్మ, దసరా ఇంట్లోనే. కార్తిక పున్నమికి రెండు రోజుల ముందు బయలుదేరడం. పున్నమి సెలవే గనుక నాకు మూడు రోజుల సెలవు చాలు. డబ్బు తిరిగివచ్చే షరతు మీదనే బస, కారు మాట్లాడాను. అప్పటివాళ్ళకు లేని సదుపాయం మనకున్నది: వాతావరణ శాఖవారు తుపాను సంగతి రోజుల ముందే చెబుతున్నారు. బయలుదేరడానికి వారం ముందునుంచి వారి ప్రకటనలు పొద్దునా సాయంత్రమూ చూడటం, హెచ్చరిక వస్తే మారుమాట లేకుండా ఆగిపోవడం. ఈ షరతుకు అమ్మ ఒప్పుకున్నది. మావాడు మాత్రం ఇంకా గోవా అంటున్నాడు.

నిన్న అమ్మ పెట్టె తెరిచి, మడత విప్పని కొత్త దుప్పట్లు రెండు తీసి సంచిలో పెట్టింది. "కారులో చోటుండదత్తయ్యా, ఇవెందుకు?" అన్నది మా ఆవిడ.

"సముద్రం కాడ సలి పెట్టదా?" అన్నది అమ్మ.